ఆవిడ పేరేటి, బావా?

మాకు ఆమదాలవలసలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. కింద దుకాణం, దాని మీద మా ఇల్లు, ఇంటి మీద రేకులు వేసిన మేడ. మామగారు పొలం అన్నదమ్ములకు వదిలేసి వచ్చి పెట్టిన వ్యాపారం. ఆయన పోయాక మావారి చేతికి వచ్చింది. పెళ్లిళ్ల కాలంలో బిందెలూ గంగాళాలూ, మిగతా రోజుల్లో గిన్నెలూ కంచాలూ అమ్ముతాం. రైలు దిగి వచ్చే పల్లెటూరి ఆడవాళ్లు గిన్నెను వేలితో కొట్టి, చప్పుడు విని మరీ కొంటారు. ఆ చప్పుడులో ఏం వినిపిస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లకీ తెలియదని నా అనుమానం.

మావారు మాటకారి. గరిటె కోసం వచ్చిన మనిషి చేత కుక్కరు కొనిపించి, గరిటె ఊరికే ఇచ్చినట్టు చెప్పి సంతోషపెట్టి పంపగలరు. ఆ మాటల వల్లే చాలా కాలం నేను ఏమీ కనిపెట్టలేకపోయాను.

ఈ సంగతులు రాయమన్నది ఆయనే. పేర్లు మాత్రం వద్దన్నారు. "మరి ఊరు పేరు?" అని అడిగితే, "ఊరికేటి సిగ్గు? ఊరు పందేలు కట్టిందేటి?" అని నవ్వారు.

మా అమ్మాయి డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఆయనలో మార్పు చూశాను. స్నానానికి వెళ్తే ఫోను తీసుకెళ్లేవారు. మాట్లాడాలంటే మేడ ఎక్కేవారు. నేను ఆరిన బట్టలు తీయడానికి వెళ్తే మాట ఆపేసి, "సరే మరి, తర్వాత సేస్తాను" అని పెట్టేసేవారు. ఒక రోజు కారణం లేకుండా జిలేబీ పొట్లం, నాకో చీర పట్టుకుని వచ్చేవారు. మర్నాడు అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కంచంలోనే ఉంచి గోడకేసి చూసేవారు. ఉప్పు ఎక్కువైందా అంటే ఉలిక్కిపడేవారు. బ్యాంకుకి వెళ్లొస్తానని వెళ్లి బ్యాంకు మూసేసిన చాలాసేపటికి వచ్చేవారు. దుకాణంలో ఆయన కూర్చునే కుర్చీలో నేను కూర్చోవడం మొదలైంది.

ఏ పెళ్లాం అయినా ఏమనుకుంటుంది? నేనూ అదే అనుకున్నాను. ఇంకో ఆడమనిషి ఉంది. అనుకోవడమే కాదు, ఆవిడకి నేను వయసు, రంగు, ఎత్తు అన్నీ ఇచ్చేశాను. నాకన్నా సన్నంగా ఉండేది. నవ్వితే బాగుండేది. దుకాణానికి వచ్చే వాళ్లలో ఎవరైనా కొంచెం బాగా ముస్తాబై కనిపిస్తే, ఈవిడేనా అని గిన్నెలు చూపిస్తూనే ముఖం పరీక్షగా చూసేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. దుకాణం షట్టరు దించి ఉంది. ఆయన మంచం మీద వాలి ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడి అడిగేశాను.

"ఎవరావిడ?"

ఆయన లేచి కూర్చున్నారు. నా ముఖం చూశారు. ఆ తర్వాత చాలాసార్లు ఆ చూపు గుర్తు చేసుకున్నాను. దొరికిపోయిన మనిషి అలా చూడడు. నీళ్లలో మునుగుతున్నవాడికి కాలికింద ఏదో తగిలినట్టు చూశారు. తర్వాత తల దించుకుని "అవును" అన్నారు.

"అవునంటే?"

"ఉన్నాది. ఉండేది. ఇంకుండదు. మానేస్తాను."

నేను అరవలేదు. అరుస్తానని ముందే ఎన్నోసార్లు మనసులో అనుకున్నాను గానీ, తీరా ఆయన ఒప్పుకున్నాక వెళ్లి బీరువా తలుపు తీశాను. నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని, అమ్మాయికి ఫోను చేసి మావయ్యను చూసొస్తానని చెప్పి, విజయనగరం వెళ్లే రైలెక్కాను. దారి పొడవునా ఆ సన్నటి ఆవిడ నా పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది.

మా అన్నయ్యది రామతీర్థం దగ్గర పల్లె. మా పెరట్లోంచి చూస్తే కొండ కనిపిస్తుంది. వరి, వేరుశనగ పండిస్తాడు. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే మాత్రం మెత్తగా మాట్లాడడం చేతకాదు. నేను వదినకు చెప్పుకుని ఏడుస్తుంటే వాడు అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. చివరికి ఫోను తీసి, "బావా, రేపు బేగి ఒచ్చీ. మాటాడాల" అన్నాడు. అంతే. పెట్టేశాడు.

మావారు మర్నాడు పొద్దున్నే వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది, చొక్కా నలిగి ఉంది. అన్నయ్య విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తున్నాడు. ముందో చేట, పక్కన బస్తా. రా కూర్చో అని కూడా అనలేదు, కాయలు ఆయన వైపు తోశాడు. మావారు ఎదురుగా పీట మీద కూర్చుని తనూ వలవడం మొదలుపెట్టారు. వదినా నేనూ వంటింటి గుమ్మం దగ్గర ఉన్నాం. చేట సగం నిండింది.

"ఆవిడ పేరేటి, బావా?" అన్నాడు అన్నయ్య.

"పేరెందుకు బావా ఇప్పుడు? అయిపోనాది గదా."

"అయిపోనాది గదా, మరి సెప్పడానికేటి?"

మావారు తలెత్తి అటూ ఇటూ చూసి ఒక పేరు చెప్పారు. ఎదురుగోడ మీద క్యాలెండరు ఉంది. ఆయన చెప్పింది అందులో ఉన్న అమ్మవారి పేరు. వదిన నా చెయ్యి గిల్లింది.

"ఏ ఊరు?"

"సిలకపాలెం. సిలకపాలెం అవతల."

"అవతలంటే? పొందూరేటి?"

"పొందూరికి ఇవతల."

"సిలకపాలెం అవతల, పొందూరికి ఇవతల," అన్నాడు అన్నయ్య, ఆ దారంతా మనసులో నడిచి చూస్తున్నట్టు. "ఏటి సేస్తాది?"

"టీచరు."

"ఏ బడిలో?"

గరిటె కోసం వచ్చినవాడికి కుక్కరు అంటగట్టే మనిషికి ఒక బడి పేరు దొరకలేదు.

అన్నయ్య చేట పక్కన పెట్టాడు. "బావా, ఆడమనిషి కోసం తిరిగేవోడు ఇలగుండడు. గెడ్డం గీసుకుంటాడు. నూనె రాసుకుని తల దువ్వుకుంటాడు. కొత్త సొక్కా తొడుగుతాడు. నువ్వు సూడు ఎలగున్నావో. పీనుగు లేచి ఒచ్చినట్టున్నావు. నీకు ఆడమనిషీ నేదు, ఏటీ నేదు. అసలేటైనాదో సెప్పు. నాను నిన్ను కొట్టను. సెప్పు."

మావారు చేతిలో ఉన్న గింజలు చేటలో వేశారు. వేళ్లు తుడుచుకున్నారు. అప్పుడు ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని, వినీ వినపడకుండా, "పందేలు" అన్నారు.

తర్వాత ఆగలేదు. మొదట పేకాటట. కొట్లు కట్టేశాక నలుగురు వ్యాపారస్తులు కలిసి సరదాగా ఆడుకున్న పేకాట. తర్వాత ఎవరో ఫోన్లో క్రికెట్ పందెం చూపించారట. "ఆటకి కాదు బావా, బంతికి కట్టొచ్చు. ప్రతీ బంతికీ. ఏ దేశమో తెల్దు, ఆడే ఓళ్ల పేర్లు తెల్దు. మన ఇంటి ముందు నించి పెళ్లి ఊరేగింపు ఎల్తన్నా నాకు తెలవదు. ఆ బంతి ఎక్కడ పడతాదా అనే. మానీగలననుకున్నాను. పోయింది రాబట్టుకుని మానేద్దామనుకున్నాను. ఎంత ఏసినా..."

నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నాకు కలిగింది సంతోషం. ఆవిడ లేదు! అన్ని రోజులు నా పక్కన కూర్చున్న ఆ సన్నటి మనిషి గాలిలో కలిసిపోయింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. గుమ్మం దాటి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"మరి ఉన్నాదని ఎందుకు చెప్పారు? నేను అడిగితే అవునని ఎందుకన్నారు?"

ఆయన నావైపు చూడకుండా చెప్పారు. "ఆడదాని కోసమంటే సెడ్డోడనుకుంటారు. తిడతారు, కొన్నాళ్లకి ఒగ్గేస్తారు. పందేల్లో పోగొట్టేనంటే ఎర్రోడనుకుంటారు. నువ్వు నన్ను తెలివైనోడనుకుంటావు గదా. అది పోతాదని."

వదినే ముందు కదిలింది. "అన్నాలు తినండి ముందు. తిన్నాక ఏడుద్దురు గాని," అంది. ఆవేళ ఆయన కంచం ఖాళీ చేశారు. చాలా నెలల తర్వాత ఆయన కడుపు నిండా అన్నం తినడం చూశాను.

ఎంత పోయిందో ఇక్కడ రాయను. మామగారు కొన్న స్థలం ఒకటి అమ్మాం, దాంతో తీరింది. ఆ స్థలంలో ఇప్పుడు ఎవరో ఇల్లు కట్టుకున్నారు. అటు వెళ్లినప్పుడు వాళ్ల గుమ్మం ముందు బంతిపూలు చూస్తాను, బాగానే పెంచారు అనుకుంటాను.

అన్నయ్య పక్కింటి మనిషి ఒకరు తాగుడు మానడానికి విజయనగరంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేవారు. పందేలకి కూడా డాక్టరుంటారా అని మాకు అనుమానం. వెళ్లి అడిగితే ఆవిడ నవ్వలేదు. మావారు చెప్పిందంతా తలాడిస్తూ విన్నారు. "ఇది రోగమే. చెడ్డతనం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. తగ్గుతుంది. కానీ మీరొక్కరే పంతం పట్టి తగ్గించుకుంటానంటే మాత్రం కష్టం," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "మీరేం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగారు.

"ఫోను లాక్కుంటాను. ఎక్కడికెళ్లినా వెనకే వెళ్తాను," అన్నాను.

"అలా వెళ్తే ఎన్నాళ్లు వెళ్తారమ్మా? మీరు అలిసిపోతారు. డబ్బు మీ చేతిలో ఉండనివ్వండి, ఆయన ఒప్పుకునే ఇస్తారు. ఫోను మామూలు బటన్ల ఫోను చాలు. అంతకు మించి కాపలా వద్దు. చెప్పుకునే మనుషులు కావాలి ఆయనకి. మీక్కూడా."

పందేలు మానిన వాళ్లు కూడే చోటు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదట. తాగుడు మానిన వాళ్లు మాత్రం ఆదివారం పూట ఒక హాల్లో కలుసుకుంటారు, అక్కడికి వెళ్లమన్నారు. మావారికి రోషం వచ్చింది. "నాను జన్మలో ముట్టలేదు! తాగుబోతోళ్ల మధ్య నాకేటి పని?" అని బస్టాండు దాకా సణుగుతూనే ఉన్నారు. ఆదివారం వచ్చేసరికి మాత్రం ఆయనే ముందు చొక్కా తొడుక్కున్నారు.

ఆ హాలు ఒక పాత కల్యాణ మండపం పక్కన ఉంది. మగవాళ్లు లోపల చాపల మీద కూర్చుంటారు. వెంట వచ్చిన ఆడవాళ్లం వరండాలో బల్లల మీద. కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి మాకు అంతా వినిపిస్తుంది, వినకూడదని ఎవరూ అనలేదు. మొదటి రోజు ఒక పెద్దాయన, పూర్వం లారీ నడిపిన మనిషి, మావారిని ముందుకు రమ్మని పిలిచాడు.

"సెప్పు బాబూ. ఎన్నాళ్ల నించి తాగుతన్నావు?"

"నేను తాగనండి," అన్నారు మావారు.

హాలంతా గొల్లున నవ్వింది. ఒకాయన నవ్వు ఆపుకోలేక గోడకు చేరబడ్డాడు. లారీ ఆయన కళ్లు తుడుచుకుంటూ, "ఏటనుకోకు. మేమందరం మొదట్రోజు అదే సెప్పేం," అన్నాడు.

"నిజంగానే తాగనండి. నాది పందేలు. క్రికెట్ పందేలు."

నవ్వు ఆగిపోయింది. వెనకనుంచి ఒక గొంతు, "పందేలదేముంది? మానీయొచ్చు గదా!" అంది. మళ్లీ అందరూ నవ్వారు, ఈసారి ఆ మాట అన్నవాడిని చూసి. ఆ మాటే వాళ్లందరికీ ఇంట్లో, వీధిలో, బస్సులో, అత్తవారింట్లో జనం ఏళ్ల తరబడి చెప్పిన మాట. అన్నవాడికీ అర్థమై తల గోక్కున్నాడు. మావారు కూడా నవ్వారు. కిటికీలోంచి ఆ నవ్వు చూసి నేను పక్కన కూర్చున్న ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆవిడెవరో నాకు తెలియదు. ఆవిడ నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

చెప్పుకోవడాలు అయ్యాక టీ ఇచ్చారు. టీ తర్వాత, ఎప్పుడూ ఉన్న అలవాటేమో, నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుని పేకముక్కలు తీశారు. వాళ్లకి అది మందు మీదికి మనసు పోకుండా కాలక్షేపం. మావారు చటుక్కున లేచి వరండాలోకి వచ్చేశారు. చెప్పుల దగ్గర నిలబడ్డారు గానీ ఏ చెప్పులు తనవో వెతుక్కోలేకపోతున్నారు. లారీ ఆయన వెనకే వచ్చాడు.

"ఏటి, ఎల్పోతన్నావేటి? కోపమొచ్చినాదా?"

"కోపం కాదు. ఆ ముక్కలు కలుపుతుంటే... ఆ చప్పుడు నేను వినలేనండి."

లారీ ఆయన లోపలికి వెళ్లి, ఆడుతున్నవాళ్ల చేతుల్లోంచి ముక్కలు ఒక్కొక్కటీ లాక్కున్నాడు. "పందెం నేకుండా ఆడతన్నాం, తప్పేటి?" అన్నారు వాళ్లు. "తప్పు కాదు. నీ ముందు సీసా పెట్టి, తాగొద్దురా ఒట్టినే సూడు అంటే ఎలగుంటాది? ఆ బాబుకీ అలగే ఉన్నాది," అన్నాడాయన. ముక్కలన్నీ ఆయన పంచె మడతలో కట్టుకుని తీసుకుపోయాడు. పై ఆదివారానికి ఎవరో ఇంట్లోంచి పాత కేరం బోర్డు పట్టుకొచ్చారు. ఒక మూల కొంచెం ఎత్తుగా ఉండేది, బిళ్లలన్నీ అటునుంచి ఇటే జారేవి. దాని మీద వాళ్లు పడిన పోట్లాటలు ఇన్నీ అన్నీ కావు.

ఆ లారీ ఆయన మావారికి స్నేహితుడయ్యాడు. ఇద్దరిలో ఒకరి బాధ ఇంకొకరికి అర్థం కాదు. "ఆ బంతాటలో ఏటున్నాదో నాకు బుర్రకెక్కదు బావా," అంటాడాయన. "ఆ వాసన పీల్చి ఎలా తాగేవాడివి?" అంటారు ఈయన. అయినా సాయంత్రం మందు కొట్టు ముందు నుంచి నడవాల్సి వస్తే ఆయన ఈయనకి ఫోను చేసి, ఆ వీధి దాటేదాకా మాట్లాడుతూ నడుస్తాడు. క్రికెట్ ఎక్కువగా నడిచే వేసవి సాయంత్రాలు ఈయనకు కష్టం. బజారంతా అదే గోల, ప్రతి కొట్లో టీవీ. ఆ నెలల్లో ఆయన రైలెక్కి వచ్చి మా దుకాణంలో స్టూలు మీద కూర్చునేవాడు. ఊరికే కూర్చోలేక వచ్చినవాళ్లకు సామాను చూపించేవాడు. "ఈ బిందె కొనొద్దమ్మా, అడుగు పల్సన," అని ఒకావిడకు నిజం చెప్పేశాడు కూడా. మావారు నెత్తి కొట్టుకున్నారు.

ఇక వరండా సంగతి. ఆ బల్లల మీద నేను నేర్చుకున్నది చెప్పాలి. నేను రోజూ పొద్దున్న లేవగానే ఆయన ముఖం చూసి, ఆ ముఖాన్ని బట్టి నా రోజు ఎలా ఉంటుందో నిర్ణయించుకునేదాన్ని. అక్కడి ఆడవాళ్లందరూ అంతే చేసేవారట. ఒకావిడ మొగుడి నోటి వాసన చూడకుండా నిద్రపోలేకపోయేది. "మానేసి ఏడాదైనా నా ముక్కు మానలేదమ్మా," అంది. మేం అక్కడ కూర్చుని కూరల గురించి, కోడళ్ల గురించి, అప్పుడప్పుడు ఏడుపు గురించి మాట్లాడుకునేవాళ్లం. మెల్లగా ముఖం చూడడం తగ్గించాను. పొద్దున్నే ముందు పాలు పొయ్యి మీద పెట్టడం, తర్వాతే ఆయన్ని లేపడం అలవాటు చేసుకున్నాను.

నడుమ మావారు ఒకసారి జారారు. అది కూడా రాయమన్నారు.

ముసురు పట్టిన రోజు. బజారులో ఎవరి ఫోనో తీసుకుని కట్టారట. ఆ మధ్యాహ్నమే దుకాణంలోకి వచ్చారు. నేను ఒక పెళ్లివారికి గంగాళాలు చూపిస్తున్నాను. ఆయన నేరుగా వచ్చి నా పక్కన నిలబడి, కొనేవాళ్లు వింటున్నారని కూడా చూడకుండా, "ఇవాళ కట్టాను," అన్నారు.

గంగాళం మూత నా చేతిలోనే ఉండిపోయింది. తిట్టాలా, ఏడవాలా? నాకు వచ్చిన మాట ఒక్కటే. "అన్నం తిన్నారా?"

"నేదు."

పెళ్లివారిని కూర్చోబెట్టి, పైకి వెళ్లి ఇద్దరం అన్నం తిన్నాం. వంకాయ కూర. తర్వాత ఆయనే లారీ ఆయనకు ఫోను చేశారు. అవతల గొంతు పెద్దది, నాకూ వినిపించింది. "ఇంట్లో సెప్పినావా? అడక్కుండానే సెప్పినావా? మరైతే ఇంకేటి! ఆదివారం రా, తిట్టాల్సింది నాను తిడతాను."

ఆ రోజు నుంచి నాకు భయం తగ్గింది. పందెం కట్టినందుకు కాదు. ఇదివరకైతే నేను నెలల తరబడి వాసన పట్టి, ఊహించి, లేని ఆడమనిషిని సృష్టించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆయనే గుమ్మంలోకి వచ్చి చెప్పారు. పెళ్లివారు గంగాళాలు కొన్నారు కూడా. కిందికి వచ్చేసరికి ఓపిగ్గా కూర్చునే ఉన్నారు.

ఆ తర్వాత మా వైపు వాళ్లకి ప్రతి వారం విజయనగరం వెళ్లడం కష్టంగా ఉందని, మా మేడ మీద కూడా ఆదివారం కూర్చోవడం మొదలుపెట్టారు. మొదట్లో మావారు, లారీ ఆయన, ఇంకొకాయన. అమ్మాయి అప్పటికి ఎచ్చెర్లలో పీజీ చదువుతోంది. "మా నాన్న పందేలు కట్టేవాడు, ఇప్పుడు మానేశాడు," అని హాస్టల్లో మామూలుగా చెప్పేసిందట. నేను వింటే గుండె ఆగేది. ఆ మాట విని ఒక స్నేహితురాలు వాళ్ల నాన్నను పంపింది. అలా ఒకరి వెంట ఒకరు వచ్చారు. పందేలవాళ్లూ ఉన్నారు, తాగుడువాళ్లూ ఉన్నారు. నేను టీ పెడతాను. కప్పుల కోసం వెతుక్కోవాల్సిన పని లేని ఇల్లు మాది.

అమ్మాయి పీజీ అయ్యాక శ్రీకాకుళం నుంచి ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, అబ్బాయి ఉద్యోగస్తుడు. జాతకాలు కూడా బాగా కుదిరాయన్నారు. వాళ్లు చూసుకోవడానికి వచ్చే ముందు రోజు మావారు నెమ్మదిగా, "నా సంగతి ఆళ్లకి సెప్పాల," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "అడగని సంగతి చెప్పడమెందుకు? పిల్ల పెళ్లి చెడగొట్టడానికా?"

"దాచి సేస్తే, రేపు ఎవడో సెప్తాడు. అప్పుడు పిల్లని అంటారు."

ఇద్దరం వాదించుకుంటుంటే అమ్మాయి లోపల్నుంచి వచ్చింది. "సెప్పనీ అమ్మా. నాకూ అదే మంచిది," అంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు దానికి కాలేజీ తెలుగు గుర్తుండదు.

వాళ్లు వచ్చారు. అబ్బాయి, తల్లీతండ్రీ, తండ్రి తమ్ముడు. ఆ చిన్నాన్న మాత్రం తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లలిద్దరూ బాల్కనీలో మాట్లాడుకున్నారు. మైసూర్ పాకులు తిన్నారు. ఇంక లేస్తారనగా మావారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయి గురించి అన్నీ సెప్పుకున్నాం. నా గురించి ఒకటున్నాది. నాకు పందేల రోగం ఉండేది. చాలా పోగొట్టాను. ఇప్పుడు కట్టడం లేదు. వారం వారం కొందరం కూర్చుని మాట్లాడుకుంటాం, ఈ మేడ మీదే. మీకు తెలియాలని."

ఫ్యాను తిరుగుతోంది. అబ్బాయి తండ్రి టీ కప్పు కింద పెట్టి, "పెద్దమనిషి తరహాగా చెప్పారు. సంతోషం," అన్నారు. మర్యాదగానే లేచారు, మర్యాదగానే వెళ్లారు. వారం తర్వాత మధ్యవర్తి ఫోను చేసి, జాతకాలు మళ్లీ చూపిస్తే కుదరలేదట అని చెప్పాడు.

నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చుకున్నాను. బయటికి వస్తే అమ్మాయి తండ్రి పక్కన కూర్చుని నవ్వుతోంది. "నానా, నీ దెబ్బకి గ్రహాలే మారిపోనాయి సూడు!" ఆయన కూడా నవ్వుదామా వద్దా అన్నట్టు నావైపు చూశారు. నాకూ నవ్వొచ్చింది. ఏం చెయ్యను?

ఇప్పుడు అమ్మాయి ఒక కాలేజీలో పాఠాలు చెప్తోంది. జీతం తీసుకున్న మొదటి నెల నాకో చీర కొంది. సంబంధాలు వస్తున్నాయి, మావారు అందరికీ చెప్తున్నారు, కొందరు వెళ్లిపోతున్నారు. రావాల్సింది వస్తుందని అమ్మాయికే తొందర లేదు. నాకు మాత్రం కొంచెం ఉంది.

ఆ శ్రీకాకుళం సంబంధం తప్పిన కొన్నాళ్లకి, ఒక ఆదివారం పొద్దున్న, ఎవరో ఒకాయన దుకాణంలోకి వచ్చి ఇడ్లీ పాత్రలు చూడటం మొదలుపెట్టాడు. మూత తీసి చూస్తాడు, పెడతాడు, ఇంకోటి తీస్తాడు. ఎంత ధర అని అడగడు. ముఖం ఎక్కడో చూసినట్టుంది. చాలాసేపటికి గుర్తొచ్చింది. తలుపు పక్కన కూర్చున్న ఆ చిన్నాన్న.

"అమ్మా," అన్నాడు, ఇడ్లీ పాత్రకేసే చూస్తూ. "ఆవేళ మీవారు సెప్పేరు గదా. మేడ మీద కూర్చుంటామని. అది అందరికీనా, తెలిసినోళ్లకేనా?"

నేను మెట్లు చూపించాను. ఆయన చెప్పులు విడిచి, రెండు మెట్లెక్కి మళ్లీ వెనక్కి తిరిగాడు. "మా అన్నయ్యకి తెల్దు," అన్నాడు.

"నేను చెప్పను. మీరే చెప్పుకోండి ఎప్పుడైనా," అన్నాను.

ఆయన అప్పటినుంచి మానకుండా వస్తున్నాడు. తనవి కోడిపందేలట, తర్వాత ఫోను. ఈ మధ్యనే ఇంట్లో చెప్పుకున్నాడు. పోయిన ఆదివారం భార్యను వెంట తీసుకొచ్చాడు. మనిషి బిడియస్తురాలు. పైనుంచి మగవాళ్ల మాటలు వినిపిస్తుంటే ఎటు చూడాలో తెలియక చీర కొంగు సర్దుకుంటూ నిలబడింది. నేను చిక్కుడుకాయల బుట్ట తెచ్చి మెట్ల మీద పెట్టాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టాం. కాసేపు కాయలు లేతగా ఉన్నాయని మాట్లాడుకున్నాం. తర్వాత ఆవిడ నెమ్మదిగా చెప్పుకోవడం మొదలుపెట్టింది. నేను వింటూ ఆవిడ తీసిన కాయలు నా గిన్నెలో వేసుకున్నాను.